వరుస సంఖ్యలు, యాజలి సుబ్బారావు గారు



ఈ వేళ లెక్కల గురించి మాట్లాడుకుందాం. రేడియోలో లెక్కలేమిటని కట్టేయకండి. ఒకటి, రెండు, మూడు అని వరుసగా చదవడం వస్తే చాలు, ఈ ప్రసంగానికి అంతకుమించిన చదువు అక్కర్లేదు. దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే తెచ్చుకోండి. ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వాళ్ళకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలని నా కోరిక. బాపట్ల దగ్గర కర్లపాలెం మండలంలో యాజలి అనే ఊరుంది. అప్పట్లో అది గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఆ ఊళ్ళో 1921 మే 4న మతుకుమల్లి వెంకట సుబ్బారావు గారు పుట్టారు. ప్రపంచంలో సంఖ్యా సిద్ధాంతం చదివేవాళ్ళు ఆయన పేరు ఎరుగుదురు. ఆయన పేరు పెట్టుకున్న ఒక ఊహ, దాని రుజువు పెద్ద పెద్ద గణిత పత్రికల్లో అచ్చయ్యాయి. ఆయన పుట్టిన నేల మీద చదువుకునే పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. ఆయన దగ్గరికి వెళ్ళే ముందు, ఆయనా ఆయన సాటివాళ్ళూ జీవితమంతా ఆడుకున్న వస్తువును మనమూ ఒకసారి చేతిలోకి తీసుకుందాం. ఆ వస్తువు వరుస సంఖ్యలు. ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో ఖాళీ లేకుండా నిలబడ్డ పూర్ణ సంఖ్యలు.

సముద్రం వైపు ఊళ్ళలో తాటి మొద్దులు పేర్చడం మీరు చూసే ఉంటారు. కింద ఆరు మొద్దులు పరిస్తే, వాటి మధ్య పల్లాల్లో కూర్చునేవి అయిదే. వాటి మీద నాలుగు. ఆరు, అయిదు, నాలుగు కలిపితే పదిహేను. అంటే పదిహేనును మూడు వరుస సంఖ్యల మొత్తంగా రాయవచ్చు. ఇంకో రకంగా రాయగలరా? ఏడు, ఎనిమిది కలిపినా పదిహేనే. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు కలిపినా పదిహేనే. మూడు దారులు దొరికాయి. నాలుగోది ఎంత వెతికినా దొరకదు.

ఇక తొమ్మిది చూడండి. నాలుగూ అయిదూ తొమ్మిది. రెండు, మూడు, నాలుగు కలిపినా తొమ్మిది. పదికి ఒకటి, రెండు, మూడు, నాలుగు. పదకొండుకు అయిదూ ఆరూ. పన్నెండుకు మూడు, నాలుగు, అయిదు. మరి ఎనిమిదికి? మూడూ నాలుగూ ఏడే, నాలుగూ అయిదూ తొమ్మిది అయిపోయింది. ఒకటి, రెండు, మూడు కలిపితే ఆరు, రెండు, మూడు, నాలుగు కలిపితే మళ్ళీ తొమ్మిది. ఎనిమిది మధ్యలోంచి జారిపోతోంది. పదహారూ అంతే. ముప్ఫై రెండూ అంతే. నూరు లోపల ఇలా జారిపోయేవి ఏవో పిల్లల చేత వెతికించండి. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు, అరవై నాలుగు మిగులుతాయి. ఇంకేదీ మిగలదు. ఒకటితో మొదలుపెట్టి రెండుతో గుణిస్తూ పోతే వచ్చే సంఖ్యలివి. ఇవి తప్ప మిగతా అన్ని సంఖ్యలకూ కనీసం ఒక్క దారి ఉంటుంది.

ఎందుకిలా? కారణం చెవితో విని అర్థం చేసుకోగలిగినంత సులువు. వరుస సంఖ్యలు కొన్ని తీసుకున్నారనుకోండి. అవి బేసి లెక్కలో ఉంటే, అంటే మూడో, అయిదో, ఏడో ఉంటే, సరిగ్గా మధ్యలో ఒక సంఖ్య ఉంటుంది. మొత్తం కావాలంటే ఆ నడిమి సంఖ్యను ఎన్ని ఉన్నాయో దానితో గుణిస్తే చాలు. నాలుగు, అయిదు, ఆరు అంటే మూడు అయిదులు. కాబట్టి మొత్తాన్ని ఒక బేసి సంఖ్య భాగిస్తుంది. అదే సరి లెక్కలో ఉన్నాయనుకోండి, రెండో, నాలుగో, ఆరో. అప్పుడు మొదటిదాన్నీ చివరిదాన్నీ జత కట్టండి. తర్వాతి దాన్నీ చివరి ముందుదాన్నీ జత కట్టండి. ప్రతి జత మొత్తం ఒకటే వస్తుంది. పైగా అది బేసి సంఖ్యే అవుతుంది, ఎందుకంటే ఆ రెంటిలో ఒకటి సరి, ఒకటి బేసి. కాబట్టి ఇక్కడా మొత్తాన్ని ఒక బేసి సంఖ్య భాగిస్తుంది. ఎటు తిరిగినా ఒకటి కంటె పెద్దదైన బేసి సంఖ్య ఒకటి లోపల ఉండి తీరాలి. ఎనిమిదిలో, పదహారులో, అరవై నాలుగులో ఉన్నవన్నీ రెండ్లే, అలాంటి బేసి ఒక్కటీ లేదు. అందుకే అవి ఏ వరుసకూ చిక్కవు.

దీన్ని తిప్పి చదివితే ఇంకా బాగుంటుంది. ఒక సంఖ్యను నిశ్శేషంగా భాగించే బేసి సంఖ్యలు ఎన్ని ఉంటే, దాన్ని వరుస సంఖ్యల మొత్తంగా రాయడానికి అన్నే దారులు. ఒంటి సంఖ్యను కూడా వరుసే అనుకుని లెక్కలో చేర్చుకోవాలి. పదిహేనును భాగించే బేసి సంఖ్యలు ఒకటి, మూడు, అయిదు, పదిహేను. నాలుగు. దారులూ నాలుగే, పదిహేను ఒంటిగా ఒక దారి, ఇందాక చూసిన మూడూ మూడు. పద్నాలుగును ఏడు భాగిస్తుంది కదా. రెండును మధ్యలో పెట్టి ఏడు సంఖ్యలు రాయండి. రుణం ఒకటి, సున్న, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. రుణం ఒకటీ ధనం ఒకటీ చెల్లిపోతాయి. మిగిలింది రెండు, మూడు, నాలుగు, అయిదు. కూడి చూడండి, పద్నాలుగు.

సంవత్సరాలతో ఈ ఆట ఆడితే పిల్లలు వదలరు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. 1948ని రెండేసి చొప్పున రెండుసార్లు భాగిస్తే 487 మిగులుతుంది. అది ప్రధాన సంఖ్య. కాబట్టి 1948కి ఒంటిగా ఉండటం కాక ఒకే ఒక్క దారి ఉంది: 240 నుంచి 247 దాకా ఎనిమిది సంఖ్యలు. బాపట్ల జిల్లా ఏర్పడిన 2022కి మూడు దారులున్నాయి. 673, 674, 675 ఒకటి. 504 నుంచి 507 దాకా నాలుగు సంఖ్యలు ఇంకొకటి. 163 నుంచి 174 దాకా పన్నెండు సంఖ్యలు మూడోది. సుబ్బారావు గారు పుట్టిన 1921 అంటే 17 ఇంటు 113. 105 నుంచి 121 దాకా పదిహేడు వరుస సంఖ్యలు కూడితే 1921 వస్తుంది. ఈ పదిహేడును గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ దానితో పని పడుతుంది.

ఏ దారికీ లొంగని సంవత్సరం కిందటిసారి 1024లో వచ్చింది. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతున్న కాలమది. మళ్ళీ వచ్చేది 2048లో. ఇప్పుడు బడికి వెళ్తున్న పిల్లలు దాన్ని చూస్తారు.

రాజరాజ నరేంద్రుడి పేరు వచ్చింది కనుక పావులూరి మల్లనను తలుచుకోకుండా ముందుకు పోలేను. ఆయన కాలాన్ని ఆ రాజుతో ముడిపెట్టి చెబుతారు. పావులూరు అనే ఊరు ఇంకొల్లు మండలంలో, ఇప్పటి బాపట్ల జిల్లాలోనే ఉంది. కర్ణాటకంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, అంటే తొమ్మిదో శతాబ్దంలో, మహావీరాచార్యుడనే జైన గణితవేత్త గణిత సార సంగ్రహం అని సంస్కృతంలో రాశాడు. దాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పావులూరి గణితం అంటే పాతకాలం కరణాలకు తెలియని పుస్తకం కాదు. గణితం పద్యంలో చెప్పవచ్చని, అదీ తెలుగులో చెప్పవచ్చని నిరూపించిన మనిషి మల్లన. కవిత్రయాన్ని గౌరవించినంతగా ఆయన్నీ మనం గౌరవించాలని నా అభిప్రాయం.

చదరంగం గళ్ళలో మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా రెట్టింపు చేస్తూ పోతే అరవై నాలుగు గళ్ళకూ కలిపి ఎన్ని గింజలని అడిగే లెక్క ఉంది కదా. దాని జవాబును అంకెలకు బదులు శరం, శశి, గగనం, అగ్ని లాంటి మాటలతో చెప్పే తెలుగు పద్యం మల్లన పేరు మీదే ప్రచారంలో ఉంది. ఆ జవాబు 18446744073709551615. ఒక్కో గడిలో ఉన్నది రెండు రెట్ల సంఖ్యే, కనుక ఏ గడినీ వరుస సంఖ్యల మొత్తంగా విడదీయలేం. మొత్తం గింజలు మాత్రం బేసి సంఖ్య. దాన్ని పక్కపక్కనున్న రెండు సంఖ్యల మొత్తంగా వెంటనే రాసేయవచ్చు.

మహావీరాచార్యుడికి అంకెల దండలంటే ఇష్టం. ఒకటితో మొదలై ఆరు దాకా పెరిగి, మళ్ళీ క్రమంగా తగ్గే సంఖ్య అని ఆయన ఒకదాన్ని వర్ణించాడు. అది 12345654321. కుడి నుంచి చదివినా ఎడమ నుంచి చదివినా ఒకటే. ఇంతకీ అదెక్కడిది? ఆరు ఒకట్లు పక్కపక్కన పెడితే వచ్చే 111111ను అదే సంఖ్యతో గుణిస్తే వస్తుంది. రెండు ఒకట్లతో 121, మూడు ఒకట్లతో 12321, నాలుగు ఒకట్లతో 1234321. తొమ్మిది దాకా ఈ దండ ఇలాగే సాగుతుంది. ప్రతిదీ వర్గమే.

పది వచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. ఒకటి నుంచి పది దాకా వరుసగా రాసి, మళ్ళీ తొమ్మిది నుంచి ఒకటి దాకా దిగండి. 12345678910987654321. ఈ ఇరవై అంకెల సంఖ్యను ఒకటీ, ఆ సంఖ్యా తప్ప ఇంకేదీ భాగించదు. ప్రధాన సంఖ్య. తొమ్మిది దాకా ప్రతి మెట్టూ వర్గమై, పదో మెట్టు ఏ గుణకారానికీ లొంగకపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

కూడటం అయింది, పక్కపక్కన రాయడం అయింది. ఇక గుణించడం. నాలుగు వరుస సంఖ్యలు తీసుకుని గుణించండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు గుణిస్తే ఇరవై నాలుగు. ఒకటి కలపండి, ఇరవై అయిదు, అయిదు వర్గం. రెండు, మూడు, నాలుగు, అయిదు గుణిస్తే నూట ఇరవై. ఒకటి కలిపితే నూట ఇరవై ఒకటి, పదకొండు వర్గం. మూడు నుంచి ఆరు దాకా గుణిస్తే మూడు వందల అరవై. ఒకటి కలిపితే పంతొమ్మిది వర్గం. ఎక్కడ మొదలుపెట్టినా ఇదే జరుగుతుంది. ఏ సంఖ్య వర్గం వస్తుందో ముందే తెలుసుకోవాలంటే మొదటిదాన్నీ చివరిదాన్నీ గుణించి ఒకటి కలపండి. అంటే నాలుగు వరుస సంఖ్యల లబ్ధం ప్రతిసారీ వర్గానికి ఒక్క అడుగు దూరంలో ఆగుతుంది. తాను మాత్రం వర్గం కాదు.

మరి అయిదు వరుస సంఖ్యల లబ్ధం వర్గం కాగలదా? ఘనం కాగలదా? పది సంఖ్యల లబ్ధం? నూరు సంఖ్యలది? పసిపిల్లవాడు అడగగలిగిన ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి గణిత లోకానికి చాలా కాలం పట్టింది. ఆ దారిలో పెద్ద అడుగు వేసిన మనిషి సుబ్బయ్య శివశంకరనారాయణ పిళ్ళై. తిరునల్వేలి వైపు వల్లంలో 1901లో పుట్టారు. అణ్ణామలై విశ్వవిద్యాలయంలో పనిచేసి, 1941లో తిరువనంతపురం వెళ్ళి తిరువాంకూరు విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ ఎక్కువ కాలం లేరు, కలకత్తా వెళ్ళిపోయారు. 

పిళ్ళై గారు 1940లో వేసుకున్న ప్రశ్న ఇది. కొన్ని వరుస సంఖ్యలు తీసుకోండి. వాటిలో మిగతా ఎవరితోనూ ఉమ్మడి కారణాంకం లేని సంఖ్య ఒక్కటైనా ఉంటుందా? 24 నుంచి 28 దాకా చూడండి. 25ను భాగించేది అయిదు. మిగతా నాలుగింటిలో దేన్నీ అయిదు భాగించదు. కాబట్టి 25 తన వరుసలో ఎవరితోనూ చుట్టరికం లేని సంఖ్య. పిళ్ళై గారు రుజువు చేసిందేమిటంటే, వరుసలో పదహారు సంఖ్యల దాకా ఉంటే, ఎక్కడ మొదలుపెట్టినా సరే, ఇలాంటి ఒంటరి సంఖ్య కనీసం ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని పట్టుకునే, పదహారు దాకా వరుస సంఖ్యల లబ్ధం వర్గమూ ఘనమూ ఏ ఇతర ఘాతమూ కాదని ఆయన తేల్చారు.

పదిహేడు దగ్గర ఆ నియమం తెగిపోతుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న పదిహేడు ఇదే. 2184 నుంచి 2200 దాకా పదిహేడు సంఖ్యలు రాసుకోండి. నెమ్మదిగా చెబుతాను. సరి సంఖ్యలన్నిటికీ రెండు ఉమ్మడి కారణాంకం, వాటి సంగతి వదిలేయండి. ఎనిమిది బేసి సంఖ్యలు మిగిలాయి. 2187, 2193, 2199, ఈ మూడింటినీ మూడు భాగిస్తుంది. 2185నూ 2195నూ అయిదు భాగిస్తుంది. 2191ను ఏడు భాగిస్తుంది, ఆ ఏడే మొదట్లో ఉన్న 2184నూ భాగిస్తుంది. 2189ను పదకొండు భాగిస్తుంది, ఆ పదకొండే చివర ఉన్న 2200నూ భాగిస్తుంది. ఇక ఒక్కటే మిగిలింది, 2197. అది పదమూడు ఘనం. పదమూడు ఇంకెవర్ని భాగిస్తుంది? మళ్ళీ మొదట్లో ఉన్న 2184నే. అయిపోయింది. ఈ పదిహేడింటిలో ఎవరికీ చుట్టరికం లేనిది ఒక్కటీ లేదు. ఇంతకంటె చిన్న సంఖ్యల్లో ఇలాంటి వరుస లేదు. పదిహేడు నుంచి 430 దాకా ఏ పొడవు తీసుకున్నా ఇలాంటి వరుసలు ఉన్నాయని పిళ్ళై గారు చూపించారు. అక్కడి నుంచి ఎంత పొడవైనా ఉంటాయని 1941లో ఆల్ఫ్రెడ్ బ్రౌవర్ పూర్తిచేశారు.

లబ్ధం ప్రశ్నకు పూర్తి జవాబు 1975లో వచ్చింది. రెండు గానీ అంతకంటె ఎక్కువ గానీ వరుస ధన పూర్ణ సంఖ్యలను గుణిస్తే వచ్చేది ఎప్పుడూ ఏ ఘాతమూ కాదని పాల్ ఎర్డిష్, జాన్ సెల్ఫ్రిడ్జ్ కలిసి రుజువు చేశారు. పిళ్ళై గారు దాన్ని చూడలేదు. అంతర్జాతీయ గణిత మహాసభకు అమెరికా వెళ్తూ 1950 ఆగస్టు 31న కైరో దగ్గర విమాన ప్రమాదంలో పోయారు. ఆయన వయసు నలభై తొమ్మిది.

ఎర్డిష్ హంగరీ దేశస్థుడు. ఊరూరూ తిరుగుతూ ఎక్కడికక్కడ కలిసి పనిచేసే మనుషుల్ని వెతుక్కున్న గణితవేత్త. ఆయనతో కలిసి వ్యాసాలు రాసిన వాళ్ళలో మన యాజలి సుబ్బారావు గారు ఒకరు.

సుబ్బారావు గారు 1941లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఎమ్మే పూర్తిచేశారు. వైద్యనాథస్వామి గారి దగ్గర పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నారు. మద్రాసులో పాఠం చెప్పారు, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చెప్పారు, అమెరికాలో మిస్సోరీలో చెప్పారు. 1963లో కెనడా వెళ్ళి ఎడ్మంటన్‌లోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో చేరి, చివరిదాకా అక్కడే ఉన్నారు. కంట్రోల్ సిద్ధాంతంలో పేరుపొంది, 2012లో లండన్ రాయల్ సొసైటీ సభ్యుడైన మతుకుమల్లి విద్యాసాగర్ గారు ఆయన కుమారుడే.

ఆయన మనసు పారేసుకున్న విషయం విభజనలు. ఏడును ఎన్ని రకాలుగా ముక్కలు చేయవచ్చు? ఏడు ఒంటిగా, ఆరూ ఒకటీ, అయిదూ రెండూ, అయిదూ ఒకటీ ఒకటీ, ఇలా రాసుకుంటూ పోతే పదిహేను రకాలు. పదికి నలభై రెండు. నూరుకు పంతొమ్మిది కోట్లు దాటిపోతాయి. రామానుజన్ చూపు పడ్డాక ఈ లెక్క ప్రపంచ ప్రసిద్ధమైంది.

ఇక్కడ మళ్ళీ మన వరుస సంఖ్యలు వస్తాయి. ఒక సంఖ్యను వేరువేరు ముక్కలుగా విడగొట్టినప్పుడు వాటిలో పక్కపక్కవి కొన్ని ఒక గుంపుగా ఉంటాయి. ఏడును నాలుగు, రెండు, ఒకటి అని విడగొడితే, నాలుగు ఒక గుంపు, రెండూ ఒకటీ కలిసి ఇంకో గుంపు. రెండు గుంపులు. 1882లో జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ ఈ గుంపులను లెక్కపెట్టి ఒక అద్భుతమైన సంగతి కనుక్కున్నాడు. ఇన్ని గుంపులున్న విభజనలు ఎన్నో, అన్ని రకాల బేసి సంఖ్యలు మాత్రమే వాడిన విభజనలూ అన్నే. ఏడుకు ఒకే గుంపున్నవి రెండు: ఏడు ఒంటిగా, నాలుగూ మూడూ. ఒకే రకం బేసి సంఖ్య వాడినవీ రెండే: ఏడు ఒంటిగా, ఏడు ఒకట్లు. రెండు గుంపులున్నవి మూడు, రెండు రకాల బేసి సంఖ్యలు వాడినవీ మూడు. తాటి మొద్దుల దగ్గర మనం చూసిన నియమం, అదే బేసి భాజకాల లెక్క, సిల్వెస్టర్ చెప్పినదానిలో ఒకే గుంపు ఉన్న సందర్భమన్నమాట.

పక్కపక్క సంఖ్యలు అసలు రాకూడదంటే ఏమవుతుందని తర్వాత మేజర్ పెర్సీ మక్‌మహన్ అడిగాడు. ఆయన ఫిరంగి దళంలో పనిచేసిన సైనికుడు, రెండు వందల దాకా విభజనల లెక్క చేత్తో కట్టిన ఓపికమంతుడు. విభజనలో ఒకటి ఉండకూడదు, పక్కపక్క సంఖ్యలు రెండు కలిసి ఉండకూడదు. ఏడుకు అలాంటివి రెండే: ఏడు ఒంటిగా, అయిదూ రెండూ. ఇక ఆరుతో భాగిస్తే ఒకటి గానీ అయిదు గానీ శేషం వచ్చే సంఖ్యలను పక్కన పెట్టి, మిగతావాటితో మాత్రమే ఏడును కట్టండి. నాలుగూ మూడూ, లేదా మూడూ రెండూ రెండూ. ఇవీ రెండే. ఏ సంఖ్యకైనా ఈ రెండు లెక్కలూ సమానమే అన్నది మక్‌మహన్ సిద్ధాంతం. ఇదే లెక్క ఇంకో వేషంలోనూ వస్తుంది. ఏ ముక్కా ఒకే ఒక్కసారి రాకూడదని నియమం పెట్టినా మళ్ళీ అన్నే వస్తాయి. ఏడుకు రెండు, రెండు, ఒకటి, ఒకటి, ఒకటి అన్నది ఒకటి, ఏడు ఒకట్లు ఇంకొకటి. అమెరికా గణితవేత్త జార్జ్ ఆండ్రూస్ దీన్ని విస్తరించారు. 1971లో సుబ్బారావు గారు అమెరికన్ గణిత సంఘం పత్రికలో ఒక చిన్న వ్యాసం రాసి దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు.

ఆయన పేరు నిలబెట్టిన ఊహ మాత్రం 1966 నాటిది. విభజనల సంఖ్యలు వరుసగా చూడండి. మూడు నుంచి ఏడు దాకా సంఖ్యలకు విభజనలు మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదిహేను. అయిదూ బేసి సంఖ్యలే. తర్వాత ఎనిమిదికి ఇరవై రెండు, తొమ్మిదికి ముప్ఫై, పదికి నలభై రెండు, పదకొండుకు యాభై ఆరు. నాలుగూ సరి సంఖ్యలే. తర్వాత పన్నెండుకు డెబ్బై ఏడు, మళ్ళీ బేసి. ఎప్పుడు సరి వస్తుందో, ఎప్పుడు బేసి వస్తుందో పట్టు దొరకదు. సుబ్బారావు గారు ఒక ఊహ చెప్పారు. సమాన దూరంలో సంఖ్యలు ఏరుకుంటూ పొండి. మూడేసి చొప్పున గానీ, పదేసి చొప్పున గానీ, నూరేసి చొప్పున గానీ, ఎక్కడ నుంచైనా మొదలుపెట్టండి. వాటి విభజనల సంఖ్య సరి అయ్యేవి అనంతంగా వస్తాయి, బేసి అయ్యేవీ అనంతంగా వస్తాయి.

ముప్ఫై ఏళ్ళు గడిచాక 1996లో కెన్ ఓనో సరి సంఖ్యల సగాన్ని రుజువు చేశారు. బేసి వైపు, ఒక్కసారి వస్తే చాలు, అనంతంగా వస్తుందని కూడా చూపించారు. ఆ ఒక్కసారి తప్పకుండా వస్తుందా? సుబ్బారావు గారు 2006 ఫిబ్రవరి 15న ఎడ్మంటన్‌లో కన్నుమూసే నాటికి ఆ సంగతి తేలలేదు. 2012లో, ఆస్ట్రియాలోని లింజ్‌లో పరిశోధన చేసిన సిల్వియు రాదు దాన్ని తేల్చారు. ఆ వ్యాసానికి ఆయన పెట్టిన పేరులోనే సుబ్బారావు గారి పేరుంది. ఊహ మొత్తం నిజమే. యాజలిలో పుట్టిన మనిషి వేసిన ప్రశ్నకు ఐరోపాలో జవాబు దొరకడానికి నలభై ఆరేళ్ళు పట్టింది.

తెనాలిలోనూ బాపట్లలోనూ రేపల్లెలోనూ పనిచేస్తున్న లెక్కల మాస్టార్లను, టీచరమ్మలను నేను ఒక్కటి అడుగుతున్నాను. డిసెంబరు 22న, రామానుజన్ పుట్టినరోజున, బళ్ళలో గణిత దినోత్సవం జరుపుతున్నారు. రామానుజన్ పటం పక్కన ఈ ఏడాది సుబ్బారావు గారి పేరు కూడా నల్లబల్ల మీద రాయండి, కింద యాజలి అని ఊరు పేరు రాయండి. పావులూరి మల్లన పేరూ చెప్పండి. తర్వాత పిల్లలకు ఒక లెక్క ఇవ్వండి. వెయ్యిని వరుస సంఖ్యల మొత్తంగా ఎన్ని రకాలుగా రాయవచ్చు? వెయ్యిని ఒంటిగా రాయడం కాకుండా ఇంకా మూడు దారులున్నాయి. ఆ మూడు దారులేమిటో వాళ్ళనే వెతకనివ్వండి, మీరు చెప్పకండి. 2184 నుంచి 2200 దాకా పదిహేడు సంఖ్యలను పై తరగతుల వాళ్ళకు ఇవ్వండి.

వింటున్న పిల్లలారా, రేపల్లె రైలెక్కినప్పుడు టిక్కెట్టు మీద సంఖ్య చూడండి. దాన్ని భాగించే బేసి సంఖ్యలు ఎన్నో లెక్కపెట్టండి. దొరికిన వరుసలు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. మీకు తట్టిన ప్రశ్న ఎంత చిన్నదైనా దాని పక్కనే రాయండి, మీ మాస్టారికి చూపించండి.